బల్ల మీద పెట్టిన మాత్రలు

మా సంఘ పెద్ద ప్రార్థన మొదలుపెడితే నేను కళ్లు మూసుకోను. తల వంచుతాను, కొంగు నుదుటి దాకా లాక్కుంటాను, కళ్లు మాత్రం తెరిచే ఉంచుతాను. మోకాళ్ల ముందున్న చాప పీచుల్ని చూస్తూ ఆయన మాటల్ని ఒక్కొక్కటీ వింటాను, సరుకు తూచేటప్పుడు కొట్టువాడి చేతిని చూసినట్టు. ఆయన ఆమెన్‌కి నా ఆమెన్ కలపను. నాది నేను తర్వాత వేరుగా చెప్పుకుంటాను.

దేవుడితో నాకు తగువు లేదు. తగువంతా ఆ మనిషితో. అది మా పిన్ని వేసుకునే ఒక మాత్ర దగ్గర మొదలైంది.

మాది కలకత్తా రేవు పక్కనున్న గార్డెన్ రీచ్. మా తాత శ్రీకాకుళం పక్క సముద్రపు ఊరి నుంచి రేవులో మూటలు మొయ్యడానికి వచ్చాడు. నాన్న అదే రేవులో తాళ్లు కట్టే పని చేశాడు. బడిలో నాకు బెంగాలీ, ఇంగ్లీషు నేర్పారు. తెలుగు అక్షరాలు నేర్పింది మా సంఘం. రేకుల కప్పు కింద, ఆదివారం ఉదయం, వాక్యం చదివిస్తూ నేర్పారు. మా ఈడువాళ్లు చాలామంది తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. నేను చదవగలను. ఎందుకంటే వాక్యం తప్పు చదివితే మా నాన్న ఆ పూట అన్నం పెట్టనిచ్చేవాడు కాదు. ఇప్పటికీ నేను రాసే తెలుగులో ఆ వాక్యపు వాసన ఉంటే దానికి నేను సిగ్గుపడను.

పాస్టరు గారు ఖరగ్‌పూర్ నుంచి నెలకోసారి వచ్చేవారు. మిగతా ఆదివారాలన్నీ సంఘ పెద్దవే. ఆయన రేవులో క్రేను నడిపి రిటైరయ్యాడు. ఎత్తు మనిషి, గొంతు ఇంకా ఎత్తు. ఆయన పెట్టిన ఆచారం ఒకటుంది మా సంఘంలో. మరెక్కడా నేను చూడలేదు. స్వస్థత పొందానని ఎవరైనా సాక్ష్యం చెబితే, అప్పటిదాకా తాము ఆనుకుని బతికిన వస్తువుని తెచ్చి ప్రభువు బల్ల మీద పెట్టాలి. చేతికర్ర, నడుముకి కట్టుకునే పట్టీ, దగ్గు మందు సీసా, ఏదైనా సరే. దాన్ని అప్పగింపు అంటారు. అప్పగించినదాన్ని తిరిగి తీసుకోకూడదు. తీసుకుంటే మొక్కు తప్పినట్టే. క్షయ నుంచి లేచినరోజు ఆయన తన మందుల డబ్బా అలాగే పెట్టాడు. అప్పటికే మందుల కోర్సు పూర్తయిందని మా అమ్మ చెప్పేది. ఆయనకి మాత్రం డబ్బా పెట్టడమే గుర్తు, కోర్సు గుర్తు లేదు.

ఆయన దొంగ కాదు. దొంగ అయితే నాకు సులువయ్యేది. తను చెప్పే ప్రతి మాటా నమ్మేవాడు. అందుకే భయంకరమైనవాడు.

ఆ రోజుల్లో నేను దక్షిణ కలకత్తాలో ఒక కాలేజీలో శరీరధర్మ శాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. రాష్ట్ర ప్రభుత్వం నడిచే రైటర్స్ బిల్డింగులో వామపక్షంవాళ్లే ఉన్నారు గానీ వాళ్ల గోడరాతలు వెలిసిపోవడం మొదలైన కాలం. నా పని ఈస్ట్రోజెన్ మీద. ఆడవాళ్ల ఒంట్లో ఎక్కువగా ఉండే హార్మోను అది. అది కొవ్వు జాతిది. కణం చుట్టూ ఉండే పొరా కొవ్వుదే. కాబట్టి నూనెలో నూనె కలిసినట్టు సులువుగా లోపలికి జారిపోతుంది. లోపల, కేంద్రకంలో, దాన్ని పట్టుకునే గ్రాహకం ఒకటి కాచుకుని ఉంటుంది. రెండూ కలిసి జన్యువుల మీద కూర్చుంటే కణం కొత్త ప్రోటీన్లు తయారుచేస్తుంది. ఇదంతా జరగడానికి గంటలు పడుతుంది. నేను డిగ్రీలో చదివింది ఇంతవరకే.

కానీ కొన్ని కణాల మీద ఈ హార్మోను చుక్క పడిన కాసేపటికే, ఒక పాట పల్లవి పాడేంతలో, లోపల కాల్షియం పొంగుతుంది. అంత తొందరగా జన్యువులు కదలవు. అంటే పొర మీదే ఎవరో ఆ మాట అందుకుంటున్నారు. కేంద్రకంలో ఉండే గ్రాహకమే కొంత, ఒక కొవ్వు తోక తగిలించుకుని, పొరని అంటిపెట్టుకుని ఉంటుందని కొందరన్నారు. పొరలోంచి ఏడుసార్లు లోపలికీ బయటికీ కుట్టినట్టుండే వేరే గ్రాహకం ఉందని మరికొందరు చూపించారు. వాక్యంలో ఏడు సంపూర్ణతకి గుర్తు. ఆ మాట విన్నప్పుడు నేను లాబ్‌లో ఎవరికీ తెలియకుండా స్తోత్రం చెప్పుకున్నాను. చెప్పుకుంటే తప్పేముంది?

పొర మీది సంగతి రుజువు చెయ్యడానికి మేం ఈస్ట్రోజెన్‌ని ఆల్బుమిన్ అనే పెద్ద ప్రోటీనుకి కట్టేసేవాళ్లం. అంత బరువు తగిలించుకుని అది పొర దాటలేదు. బయటే నిలబడి తలుపు తట్టాలి. అయినా లోపల కాల్షియం వెలిగితే, మాట బయటి నుంచే అందిందన్నమాట. కాకపోతే ఆ కట్టు కొంచెం ఊడి, విడిపోయిన హార్మోను లోపలికి జారినా మొత్తం సాక్ష్యం చెడిపోతుంది. అందుకని వాడే ముందు ప్రతిసారీ వడకట్టాలి. వడకట్టగా వచ్చిన నీళ్లని వేరే కణాల మీద పోసి, అవి మిన్నకుండడం కళ్లారా చూడాలి. కణాలు పెంచే ద్రవంలో కలిపే ఎర్ర రంగు కూడా కాస్త ఈస్ట్రోజెన్‌లా నటిస్తుంది. కాబట్టి మాది రంగు లేని ద్రవం. ఒక్క సాక్షి మాట మీద తీర్పు చెప్పకూడదని నాకు సంఘం నేర్పింది. లాబ్‌లో ఆ నియమం నాకు కొత్తగా అనిపించలేదు. అదే సంఘం ఆ నియమాన్ని మా పిన్ని విషయంలో తొక్కేసింది.

పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు. ఖిదిర్‌పూర్‌లో ఒక బడిలో ఆయా. భర్త లేడు, పిల్లలు లేరు, మాతోనే ఉండేది. నోరు పెద్దది. కుళాయి దగ్గర ఆమె బిందె ముందు ఇంకొకరి బిందె ఉండేది కాదు. ఆమెకి రొమ్ములో గడ్డ వచ్చింది. ప్రభుత్వాసుపత్రిలో ఆపరేషన్ చేశారు. తీసిన గడ్డని పరీక్ష చేసి, ఇది ఈస్ట్రోజెన్ తిని పెరిగే రకమని చెప్పి, రోజుకొక టామోక్సిఫెన్ మాత్ర రాశారు. ఏళ్ల తరబడి వేసుకోవాలి, మానితే జబ్బు తిరగబెట్టవచ్చు అని డాక్టరమ్మ వేలు చూపించి మరీ చెప్పింది.

మాత్ర వల్ల పిన్నికి ఒంట్లోంచి ఆవిర్లు వచ్చేవి. జనవరిలో కూడా చెమటతో జాకెట్టు తడిసిపోయేది. "పొయ్యిలో కూకున్నట్టుందే నా ఒల్లు" అని ఫ్యాను కింద కొంగుతో విసురుకుంటూ మాత్రనీ, డాక్టరమ్మనీ, నన్నూ కలిపి తిట్టేది.

ఒక శుక్రవారం స్త్రీల కూడికలో, పాటలయ్యాక, టీ కాస్తున్నప్పుడు, పిన్నే అడిగింది.

"ఒలే, అంత సదువు సదివినావు. నా మాత్ర ఒంట్లో ఏటి సేస్తదో సెప్పవే. ఉడకబెట్టడం తప్ప ఇంకేటైనా సేస్తదా?"

అందరూ నవ్వారు. నేను చెప్పాను. వాళ్లంతా రేవు మనుషుల భార్యలు. రేవు గేటుతోనే చెప్పాను. ఈస్ట్రోజెన్ గేటు పాసు ఉన్న మేస్త్రీలాంటిది. తిన్నగా లోపలికి పోయి షెడ్డులో తన కుర్చీలో కూర్చుని పని పురమాయిస్తుంది. ఆ పని గడ్డని పెంచడం. పిన్ని మాత్ర ముందే పోయి ఆ కుర్చీలో కూర్చుంటుంది. మేస్త్రీకి చోటుండదు.

"అయితే కుర్సీ పట్టుకుని కూకుండే మాత్రన్నమాట. మీ బాబులాగ" అంది పిన్ని.

నవ్వులు తగ్గాక సంఘ పెద్ద భార్య అడిగింది. ఆమె ఎప్పుడూ మెల్లిగా అడిగేది, మెల్లిగా గుర్తు పెట్టుకునేది.

"మరి నువ్వు సూసే కొత్త సంగతేటమ్మా? గోడ మీద ఏదో ఉన్నాదన్నావు మొన్న."

గేటు దగ్గర కూడా ఒక మనిషున్నాడని చెప్పాను. మేస్త్రీ లోపలికి రానక్కర్లేదు, గేటు బయట నుంచి కేకేస్తే చాలు, ఆ మనిషి ఈల వేస్తాడు, లోపల పని కదులుతుంది అన్నాను.

"ఆ మనిసిని కూడా ఈ మాత్ర ఆపుతాదా?"

నాకు అబద్ధం చెప్పడం నేర్పలేదు. ఆపదు అని చెప్పాను. గిన్నెల్లో పెంచిన కణాల్లో చూస్తే, ఆ పొర మీది గ్రాహకం దగ్గర ఈ మాత్ర ఈల వేయిస్తుందని కొందరు చూపించారని చెప్పాను. అక్కడితో ఆగలేదు. గిన్నెలోది వేరు, మనిషి వేరు అని చెప్పాను. ఈ మాత్ర వేసుకున్న ఆడవాళ్లని ఏళ్ల తరబడి చూశారనీ, వేసుకోనివాళ్లకంటే వేసుకున్నవాళ్లలో జబ్బు తిరిగి రావడం తక్కువనీ, అది మనుషుల్లో తేలిన సంగతనీ, పిన్ని మాత్ర ఒక్క పూట కూడా మానకూడదనీ చెప్పాను. అందరూ విన్నారు. నేను చెప్పినదాంట్లో ఒక్క మాట తప్పు లేదు, ఇప్పటికీ లేదు. సంఘ పెద్ద భార్య సగం మాట ఇంటికి తీసుకుపోయింది, మిగతా సగం టీ గ్లాసులతోపాటు అక్కడే వదిలేసింది.

ఆదివారం ఆయన ప్రసంగానికి లేచాడు. ముందు చాలాసేపు శరీరాన్ని నమ్ముకునేవాళ్ల గురించి మాట్లాడాడు. తర్వాత నా వైపు చెయ్యి చాపాడు.

"మన సంగంలో పుట్టిన గుంట, పెద్ద సదువు సదివిన గుంట, అదే సెప్పింది. డాక్టర్లు ఇచ్చిన మాత్రే గోడ మీద కూకుని జబ్బుకి ఈలేస్తన్నాదట! మందే మేతేస్తన్నాదట! ఇంక మనకి సాచ్చి ఎవులు కావాల?"

హాలంతా స్తోత్రం అంది. నేను లేచాను. మా సంఘంలో ప్రసంగం మధ్యలో ఆడవాళ్లు లేవరు.

"అయ్యగారూ, నేను చెప్పింది అది కాదు."

"గోడ మీద ఈ మాత్ర ఈలేయిస్తాదన్నావా, నేదా? మా ఇంటిది అబద్దమాడదు."

"అన్నాను. కానీ..."

"అన్నావు. కూకో తల్లీ."

"కానీ అది గిన్నెలో..."

"పాట ఎత్తండి" అన్నాడు ఆయన. తబలా మొదలైంది. హార్మోనియం పట్టుకున్న మా మేనమామే పాట ఎత్తాడు. నా నోరు కదలడం కనిపించింది గానీ మాట ఎవరికీ వినిపించలేదు. ఆ పాట మధ్యలో నా పక్కనుంచి పిన్ని లేచింది. చేతిసంచీలోంచి మాత్రల అట్ట తీసింది. అందులో ఇంకా సగం మాత్రలున్నాయి. నేను ఆమె కొంగు పట్టుకున్నాను. ఆమె నా చెయ్యి విదిలించుకుని, ఆడవాళ్ల వరసలు దాటి, తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద ఆ అట్ట పెట్టి, చేతులెత్తింది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టి అరిచాడు. సంఘమంతా ఏడ్చింది. నేనూ ఏడ్చాను, వేరే ఏడుపు.

ఆ సాయంత్రమే కొత్త అట్ట కొనుక్కొచ్చాను. పిన్ని దాని వైపు చూడలేదు.

"అప్పగించినాను. మల్లీ ఎలగ ముట్టుకుంతాను? దేవుడి కాడ ఎంగిలి సేస్తానేటి?"

"దేవుడు అడగలేదు పిన్నీ. అడిగింది ఆ ముసలాయన."

"నోర్ముయ్. ఆయన్ని అనకు. నాకు ఆపరేసనప్పుడు రాత్రంతా మోకాల్ల మీదున్నాడు. నువ్వెక్కడున్నావు? గిన్నెల కాడ."

ఆ మాట నన్ను పొడిచింది. పొడవాలనే అంది. నిజం ఏమిటంటే నేను ఆసుపత్రి మెట్ల మీద ఉన్నాను. ఆమెకి మత్తు, గుర్తులేదు. చెప్పినా నమ్మే స్థితిలో లేదు.

వానాకాలం వచ్చింది. మా వీధి నిండా నీళ్లు. పిన్నికి ఆవిర్లు ఆగిపోయాయి. రాత్రిళ్లు గురకపెట్టి నిద్రపోయేది. బుగ్గలు తేరాయి. కుళాయి దగ్గర అందరికీ అదే చెప్పింది: చూశారా, స్వస్థత. ఆవిర్లు తెచ్చింది మాత్రేననీ, మాత్ర మానింది కాబట్టే ఆగాయనీ నేను చెబితే పకపకా నవ్వింది.

"నాకు బాగుంటే నీకు కడుపుమంటేటే? పోనీ నీ గేటోడిని అడుగు, నన్నెప్పుడు సంపుతాడో."

నేను ఆ ఇంట్లో అన్నం తింటూ ఆమె ఒంటి వైపే చూస్తూ ఉండేదాన్ని. గడ్డం కింద, చంక కింద, వెన్ను మీద ఏదైనా లేస్తోందా అని. లాబ్‌కి పోయి కణాల వైపు చూసేదాన్ని. అవీ రొమ్ము గడ్డ నుంచి వచ్చిన కణాలే. ఎవరో ఒకామె ఒంట్లోంచి తీసి, ఆమె పోయాక కూడా పెంచుతూనే ఉన్న కణాలు. చుక్క వేస్తే అవి వెలిగేవి. ఆ వెలుగు చూసి ఒకప్పుడు నాకు స్తోత్రం వచ్చేది. ఆ వర్షాకాలమంతా ఒక్కసారీ రాలేదు.

మా గైడుకి తెలిసింది. నేను చెప్పలేదు, నా మొహం చూసి అడిగితే చెప్పాను. ఆయన బెంగాలీ, పాతకాలపు పార్టీ మనిషి. దేవుడి మాట వింటే పెదవి ఒక పక్కకి లాగేవాడు. టీ దగ్గర అందరి ముందూ అన్నాడు:

"ఏమ్మా, మీ ప్రభువు నా లాబ్ ఫలితాలతో ప్రసంగం చేస్తున్నాడట? పేరు వేయాలా పేపర్లో?"

అందరూ నవ్వారు. తర్వాత కొంచెం గంభీరంగా, "అసలు ఆ జనానికి ఇవన్నీ ఎందుకు చెప్పావు? అర్థం చేసుకోలేరు కదా" అన్నాడు.

ఆ జనం. గేటు దగ్గరి మనిషంటే ఏమిటో మా రేవు ఆడవాళ్లకి ఒక్కసారి చెబితే తెలిసింది. ఆ ఏడాది చేరిన ఇద్దరు ఎమ్మెస్సీ పిల్లలకి నేను చాలాసార్లు చెప్పాల్సి వచ్చింది. మా వాళ్లకి తక్కువైంది తెలివి కాదు. సగం మాటని సగం అని చెప్పే పెద్దమనిషి తక్కువయ్యాడు. ఆ మాట గైడుతో అనలేదు. ఆయనా పార్టీ మీటింగు నుంచి వచ్చినరోజు ప్రశ్న అడిగినవాడిని శత్రువులాగే చూసేవాడు. కప్పు కడిగి పెట్టి నా బల్ల దగ్గరికి పోయాను. ఆ రోజు నుంచి ఆయన ముందు బొట్టులేని నా నుదురు ఇంకా ఎత్తి తిరిగాను.

ఒక శనివారం సంఘ పెద్ద ఇంటికి వెళ్లాను. ఆయన అరుగు మీద కూర్చుని కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు. కుర్చీ వెయ్యమనలేదు. నిలబడే మాట్లాడాను. శాస్త్రం మాట ఎత్తలేదు, వాక్యమే ఎత్తాను. పుండు లేచి చావుకి దగ్గరైన రాజు గోడ వైపు తిరిగి ఏడిస్తే దేవుడు ఆయుష్షు పెంచాడు. పెంచుతానని మాటిచ్చాక కూడా ప్రవక్త ఆ పుండు మీద అంజూరపు పళ్ల ముద్ద కట్టించాడు. ముద్ద కట్టినందుకు దేవుడు చిన్నబుచ్చుకోలేదు. ఆ ముద్దని ఎవరూ బల్ల మీద అప్పగించమనలేదు.

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని నన్ను చూశాడు.

"నీకు వాక్యం నేర్పినోడెవుడు?"

"మీరే."

"నాకే సెప్తన్నావా?"

"మీరు మర్చిపోయారు కాబట్టి."

లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఆయన లేచాడు. నన్ను కొడతాడనుకున్నాను. కొట్టలేదు. నాకోసం ప్రార్థన చేస్తానన్నాడు. నా చదువు నాలో గర్వపు ఆత్మని పెట్టిందనీ, అది వదలాలనీ అక్కడే, అరుగు మీదే, నా తల మీద చెయ్యి పెట్టబోయాడు. నేను వెనక్కి జరిగాను. ఆయన చెయ్యి గాలిలో ఉండిపోయింది. వీధిలో పోయేవాళ్లు చూశారు. ఆ సాయంత్రానికల్లా మా రేవు క్వార్టర్లన్నిటా పాకిపోయింది, ఫలానావారి అమ్మాయి దైవజనుడి చేతిని తోసేసిందని. నేను తోయలేదు. తోసి ఉంటే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను.

ఇక మిగిలింది సాక్ష్యం వేళ. మా సంఘంలో దానికొక నియమం ఉంది. సాక్ష్యం చెబుతున్నవాళ్లని ఎవరూ ఆపకూడదు. పెద్ద కూడా ఆపకూడదు, పాట కూడా ఎత్తకూడదు. ఆయన పెట్టిన నియమమే అది. పాస్టరు గారు వచ్చే ఆదివారం చూసుకుని లేచి మొత్తం మాట చెప్పేస్తానని మా అమ్మతో అన్నాను. గిన్నెలోది ఏది, మనుషుల్లోది ఏది, నేను అన్నదేమిటి, ఆయన విన్నదేమిటి, అంతా. అమ్మ భయపడింది. పిన్నికి చెప్పేసింది.

పిన్ని మేడ మీదికి వచ్చింది. నేను బట్టలు తీస్తున్నాను. హుగ్లీ మీద నుంచి ఓడ కూత వినిపిస్తోంది. ఆమె పిట్టగోడకి ఆనుకుంది.

"రేపు లెగిసి సెప్తావట?"

"చెబుతాను."

"సెప్తే నా మొకం ఏటవుద్ది? సంగమంతా ఏడిసినారు నాకోసం. పిల్లలు పేరెట్టి పిలుస్తన్నారు, స్వస్థత అత్త అని. ఎన్నడైనా నన్నెవులైనా అలగ పిలిసినారేటే? మొగుడు పోయినదనే గదా పిలిసినారు."

"నీ ప్రాణం పోతుంది పిన్నీ."

ఓడ కూత మళ్లీ వినిపించింది. ఆరిన దుప్పటి రెండో కొస ఆమె పట్టుకుని నాతోపాటు మడత పెట్టింది. మడత పెడుతూ, నా మొహం చూడకుండా అంది.

"నువ్వు లెగిసినావంటే ఆ మాత్ర సచ్చేదాకా ముట్టను. ఒట్టు. లెగవకుండా కూకుంటే ఏసుకుంతాను. ఇంట్లో, తలుపేసుకుని. ఎవులికీ తెలవకూడదు. మీయమ్మకీ సెప్పకు, దాని నోటిలో నువ్వుగింజ నానదు."

"అప్పగించింది ముట్టుకోనన్నావు కదా."

"అప్పగించినది అట్ట. నువ్వు తెచ్చినది వేరే అట్ట. దేవుడికి ఆ మాత్రం లెక్క తెలవదేటి?"

అంటే ఇన్నాళ్లూ ఆమె ఆలోచిస్తూనే ఉంది. భయపడుతూనే ఉంది. నవ్వుతూ, గురకపెడుతూ, కుళాయి దగ్గర సాక్ష్యం చెబుతూ, లోపల భయపడుతూనే ఉంది. ఆ భయాన్ని బయటపెట్టే చోటు లేకుండా చేసినవాడి మీద నాకు పుట్టిన అసహ్యం అప్పుడే గట్టిపడింది. ఇంతవరకూ కరగలేదు.

ఆ రాత్రే మాత్ర వేసుకుంది. నా ఎదురుగా, నోరు తెరిచి నాలుక కింద కూడా చూపించింది, "సూడు పోలీసమ్మా" అని.

మర్నాడు ఆదివారం. సాక్ష్యం వేళ పాస్టరు గారు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. సంఘ పెద్ద నా వైపు చూశాడు. నేను లేవబోతున్నానని ఆయనకి ఎవరో చెప్పారు. నేను లేవలేదు. ఆయన మొహంలో ఒక వెలుగు వచ్చింది. గెలిచిన వెలుగు కాదది, అంతకంటే ఘోరం, జాలి. ప్రార్థన పని చేసిందనుకున్నాడు. నాలో గర్వపు ఆత్మ వదిలిందనుకున్నాడు. కూడిక అయ్యాక దగ్గరికి వచ్చి, "మంచి పని సేసినావు తల్లీ" అన్నాడు. నేను చెప్పులు వేసుకుంటూ ఆయన కాళ్ల వైపు చూశాను. పాదాలు పగిలి ఉన్నాయి. జాలి పడాలని ప్రయత్నించాను. రాలేదు.

తర్వాతి ఏళ్లలో, ప్రతి కృతజ్ఞతా కూడికలోనూ ఆయన మా పిన్నిని లేపి నిలబెట్టాడు. మందు లేకుండా దేవుడు నిలబెట్టిన సహోదరి అన్నాడు. పిన్ని తల వంచుకుని నిలబడేది. ఆవిర్లు మళ్లీ మొదలయ్యాయి కాబట్టి చెమటలు పోసేవి. ఆయన దాన్ని చూసి ఆత్మాగ్ని అన్నాడు ఒకసారి. హాలంతా చేతులెత్తింది. నా పక్కన ఇద్దరు ముసలమ్మలు తమకూ ఆ అగ్ని కావాలని ఏడ్చారు. నేను గోళ్లు అరచేతుల్లోకి గుచ్చుకుని కూర్చున్నాను. శత్రువుని క్షమించాలని నాకు తెలుసు. ఎలా క్షమించాలో చెప్పే వాక్యాలన్నీ కంఠతా వచ్చు. క్షమించలేదు. దానికి లెక్క నేను దేవుడికే చెప్పుకోవాలి, చెప్పుకుంటాను. ఆ మనిషికి చెప్పను.

నా థీసిస్ అయింది. పొర మీది గ్రాహకం గురించే రాశాను. గిన్నెలో ఏం చూశానో, దాని నుంచి ఏం చెప్పకూడదో, రెండూ రాశాను. రెండోది ఎక్కువైందని గైడు కొట్టేశాడు. మళ్లీ పెట్టాను. మళ్లీ కొట్టేశాడు. మూడోసారి పెడితే విసుగెత్తి వదిలేశాడు.

ఆ వానాకాలం వెళ్లాక పిన్నిని మొదటిసారి పరీక్షకి తీసుకెళ్లిన రోజొకటి చెప్పి ఆపేస్తాను. ఆసుపత్రిలో క్యూ మెట్ల దాకా ఉంది. డాక్టరమ్మ చేతులతో నొక్కి చూసింది, ఫిల్ము వెలుతురుకి పెట్టి చూసింది. ఏమీ లేదంది. తర్వాత బెంగాలీలో అడిగింది, మధ్యలో మాత్ర ఎప్పుడైనా మానారా అని.

"నేనా? ఒక్క రోజు కూడా మానలేదు దిదీ" అంది పిన్ని, బెంగాలీలోనే, కళ్లార్పకుండా.

డాక్టరమ్మ మెచ్చుకుంది. ఇలాంటి పేషెంట్లు అందరూ ఉంటే బాగుండునంది. వానాకాలమంతా మానిందని నేను చెప్పాలి. నోరు తెరిచాను. పిన్ని బల్ల కింద నుంచి నా కాలి మీద చెప్పుతో తొక్కింది. తొక్కినా చెప్పేశాను. డాక్టరమ్మ మొహం మారింది. పిన్నిని గట్టిగా తిట్టింది. మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోమని, మరో స్కాన్ రాసింది.

బయటికి వచ్చాక పిన్ని నాతో మాట్లాడలేదు. బస్సులో కిటికీ పక్క సీటు తను తీసుకుని, చేతిసంచీ మా ఇద్దరి మధ్యా పెట్టింది. ఖిదిర్‌పూర్ వంతెన దాటాక అంది.

"సంగంలో నోరు మూసుకోమన్నాను. ఇక్కడ కూడా మూసుకోమని సెప్పాలేటి నీకు?"

"ఇక్కడ మూసుకోను."

"దెయ్యం."

"సరే."

"స్కానుకి ఎప్పుడు రమ్మన్నాది?"

"సోమవారం."

"సోమవారం బడిలో పరీచ్చలు. మంగలారం అడుగు" అని మొహం కిటికీ వైపు తిప్పుకుంది.